తాతయ్య చెప్పిన ఎలక డాన్సు

మా తాతయ్య అబద్ధాలు చెబుతాడని మా పిల్లలందరికీ గట్టి నమ్మకం. వేసవి సెలవులకి విశాఖపట్నంలో ఇంటి నిండా మనవలు చేరేవాళ్ళం. రాత్రి డాబా మీద పక్కలు వేశాక ఆయన కబుర్లు మొదలయ్యేవి. హుగ్లీ నదిలో పోటు లేస్తే పడవలు ఎలా ఎగిరేవో, రైలింజను నిప్పుల మీద టీ ఎలా కాచుకునేవాళ్ళో చెప్పేవాడు. వాటిని ఎలాగోలా నమ్మేవాళ్ళం. నమ్మలేనిది మాత్రం ఒకటుండేది.

"మనిషీ ఎలకా కలిసి డాన్సు చేశారర్రా! ఎలక్కి కిరీటం కూడా ఉంది. నా కళ్ళతో నేను చూశాను, కలకత్తా మెట్రోలో."

మాకు తెలిసిన కలకత్తా మెట్రో భూమి లోపల నడిచే రైలు, జనరల్ నాలెడ్జి పుస్తకంలో చదివాం. రైల్లో ఎలకలు ఉండటం మామూలే, డాన్సు చేయడమేంటి? మా పెద్దమ్మ కొడుకు పడీ పడీ నవ్వేవాడు. తాతయ్య చెప్పిన మెట్రో చౌరంగీలో ఉన్న సినిమా హాలని, అమెరికాలోని ఎంజీఎం కంపెనీ తన సినిమాలు ఆడించుకోవడానికి 1930లలో సొంతంగా కట్టించుకుందని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలియలేదు. ఆ రోజుల్లో తాతయ్య బెంగాల్ నాగపూర్ రైల్వేలో, గార్డెన్ రీచ్ ఆఫీసులో గుమాస్తా. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు. జీతం రాగానే ఇంటికి మనియార్డరు కట్టి, మిగిలిన దాంట్లో నెలకో ఇంగ్లీషు సినిమా చూసేవాడట. ఇంగ్లీషు ఎంత అర్థమయ్యేదని ఓసారి అడిగాను. "పాటలకి ఇంగ్లీషెందుకే?" అన్నాడు.

1996 వేసవిలో ఆయన నోట అబద్ధం రాదని తేలిపోయింది.

అప్పటికి మా వీధిలోకి కేబుల్ వచ్చి ఏడాదైందేమో. నా వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు, పగలంతా కార్టూన్ నెట్‌వర్క్. అందులో టామ్ అండ్ జెర్రీ మొదలయ్యే ముందు ఓ సింహం తల తిప్పి గర్జించేది. రాత్రయ్యాక అదే చానల్లో బొమ్మలు పోయి టీఎన్‌టీ వచ్చేది, పాత హాలీవుడ్ సినిమాలు. పిల్లలకి అదొక శోకం. "ముసలాళ్ళ చానల్ వచ్చేసింది" అని లేచిపోయేవాళ్ళం. తాతయ్యకి మాత్రం అప్పుడే తెల్లారేది. పడక్కుర్చీ టీవీ ముందుకి జరుపుకుని కూర్చునేవాడు. మొదటి బొమ్మ అదే సింహం. సింహం ఒక్కటే కానీ పగలు మాకు, రాత్రి ఆయనకి.

ఓ రోజు రాత్రి వంటింట్లో అన్నాలు తింటుంటే ముందు గదిలోంచి కేక.

"ఒరే! అందరూ రండర్రా! అమ్మడూ, నువ్వు కూడా! ఎలక సినిమా!"

ఎంగిలి చేతులతోనే పరిగెత్తాం. తెర మీద నీలం సముద్రం, తెల్ల బట్టల నావికులు, బ్యాండు మేళం. ‘యాంకర్స్ అవే’, 1945 నాటి సినిమా. పేర్లు పడుతుంటే తాతయ్య ఒక్కొక్కటీ పైకి చదువుతున్నాడు. జీన్ కెల్లీ, ఫ్రాంక్ సినాట్రా, క్యాథ్రిన్ గ్రేసన్, హోజే ఇటుర్బి... నిర్మాత పేరు దగ్గర ఆగాడు.

"జో పాస్టర్నాక్. ఈయన హోటల్లో ఎంగిలి ప్లేట్లు తీసేవాడు, తెలుసా?"

మా మామ్మ వెంటనే అందుకుంది: "అదీ మీరు మెట్రోలో చూశారా?"

చూడలేదు, చదివాడు. యుద్ధం రోజుల్లో కలకత్తా నిండా అమెరికన్ సిపాయిలే. వాళ్ళు చదివి పారేసిన సినిమా పత్రికలు ఫుట్‌పాత్ మీదకి చేరేవి. అణా, అర్ధణాకి కొని తాతయ్య అక్షరం వదలకుండా చదివేవాడట. నటుల బొమ్మలు అందరూ చూస్తారు, ఈయనకి మాత్రం నిర్మాతల పుట్టుపూర్వోత్తరాలు కావాలి. గుమాస్తా బుద్ధి అనేది మామ్మ.

సినిమా సగం నడిచింది. మాకు నిద్ర ముంచుకొస్తోంది. అప్పుడు నావికుడు బడి పిల్లలకి కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఒక రాజ్యంలో పాట నిషేధం, ఎందుకంటే అక్కడి రాజుకి పాట రాదు. ఆ రాజు ఎవరు? సింహాసనం మీద కిరీటం పెట్టుకుని కూర్చున్న జెర్రీ! మా జెర్రీ! టామ్ కూడా ఓ క్షణం పళ్ళెం పట్టుకుని కనబడింది. నావికుడు ఎలకకి ఆట నేర్పించాడు, ఇద్దరూ కలిసి కాళ్ళు కదిపారు. మేం వేసిన గోలకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు. ఏ తప్పూ లేకుండా అయిదేళ్ళు బోనులో నిలబడి నిర్దోషిగా బయటికొచ్చిన మనిషిలా తాతయ్య మా వంక చూశాడు.

ఇంకో ముప్పావుగంటకి కరెంటు పోయింది. ఎదురు చూశాం, రాలేదు. మరేం జరిగిందని గొడవ పెడితే ఆ చీకట్లోనే విసనకర్ర ఊపుకుంటూ తాతయ్య మిగతా కథ చెప్పాడు. హాలీవుడ్‌లో కొండ కింద పెద్ద ఆరుబయలు రంగస్థలం. వందలమంది నావికులు వరసల్లో నిలబడి పాడుతున్నారు. ఇద్దరు హీరోలకీ ఇద్దరు అమ్మాయిలు దొరికారు. అప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. ఎందుకు? ఎలక రాజుగారు వచ్చారు! ఎర్ర శాలువా కప్పుకుని ముందు వరసలో కూర్చుని చివరి పాటకి తాళం వేశారు.

* * *

తాతయ్యకి ఆ నిర్మాత మీద ప్రేమ ఎందుకో నాకు ఆ తర్వాత చాలాకాలానికి గానీ అర్థం కాలేదు.

జో పాస్టర్నాక్ 1901లో సిలాజ్‌షోమ్యో అనే ఊళ్ళో ఓ యూదు కుటుంబంలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక, 1920 నాటి ఒప్పందంలో ఆ ఊరు రుమేనియాకి పోయింది. ఊరు అక్కడే ఉంది, దేశం మారింది, పేరు కూడా షిమ్లెయు సిల్వానియెయి అయింది. తాతయ్యది బరంపురం. ఆయన పుట్టినప్పుడు అది మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్ళింది. ఎవరైనా "మీదే ఊరండీ?" అంటే తాతయ్య ఒక్క మాటలో ఎప్పుడూ చెప్పలేకపోయాడు. "బరంపురమండి... అంటే, ఇప్పుడు ఒరిస్సా అనుకోండి..." అని నసిగేవాడు. (ఇంకో తికమక కూడా ఉంది. మా నాన్న చాలాకాలం ఈ పాస్టర్నాక్‌ని నోబెల్ వచ్చిన రష్యన్ రచయిత బోరిస్ పాస్టర్నాక్ అనుకున్నాడు. ఆయన వేరు, ఈయన వేరు.)

టీనేజీ దాటకముందే జో అమెరికా చేరాడు. ఫిలడెల్ఫియాలో బంధువు ఇంట ఉండి, ఓ ఫ్యాక్టరీలో తోలు బెల్టులకి చిల్లులు పెట్టే పని చేశాడు. నటుడు కావాలని న్యూయార్కు వచ్చాడు. అక్కడ హోటళ్ళలో గిన్నెలు కడుగుతూ చివరికి ఆస్టోరియాలో ఉన్న పారమౌంట్ స్టూడియో క్యాంటీన్‌లో ఎంగిలి ప్లేట్లు తీసే కుర్రాడిగా చేరాడు. స్టూడియో లోపలికి వెళ్ళడానికి అదొక్కటే తలుపు. హెడ్ వెయిటర్ దాకా ఎదిగాడు. టిప్పులతో ఆదాయం బాగానే ఉండేది. ఆ ఆదాయం వదులుకుని, అంతకన్నా తక్కువ జీతానికి అసిస్టెంటు డైరెక్టర్లలో చిట్టచివరివాడిగా చేరాడు. సంసారం ఉన్నవాడైతే ఆ పని చేసేవాడు కాదని తాతయ్య తీర్పు.

నేను న్యూజెర్సీలో ఉద్యోగానికి వచ్చిన రెండో ఏడు, ఓ శనివారం ఒక్కదాన్నీ రైలెక్కి ఆస్టోరియా వెళ్ళాను. ఆ పాత స్టూడియో భవనాల్లో ఒకదాంట్లో ఇప్పుడు మ్యూజియం ఆఫ్ ది మూవింగ్ ఇమేజ్ ఉంది. పాత కెమెరాలు, విగ్గులు, ప్రొజెక్టర్లు అన్నీ చూశాను. నేను వెళ్ళింది మాత్రం క్యాంటీన్ ఎక్కడుండేదో చూద్దామని. ఎవర్ని అడగాలో తెలియలేదు, అడగలేదు కూడా. బయటికొచ్చి అరుగు మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాను. మా ఎమ్మెస్ బ్యాచ్‌లో ఓ అబ్బాయి మొదటి ఏడాది ఇండియన్ రెస్టారెంట్‌లో టేబుళ్ళు తుడిచేవాడు. ఇప్పుడు వాడు పెద్ద మేనేజరు. ఆ రోజుల మాటెత్తితే వాడికి నచ్చదు. పాస్టర్నాక్ అలా కాదు. పెద్ద నిర్మాత అయ్యాక కూడా ప్లేట్లు తీసిన సంగతి అందరికీ చెప్పుకునేవాడు, పత్రికలు వేసుకునేవి. అందుకే అది కలకత్తా ఫుట్‌పాత్ దాకా వచ్చింది.

తర్వాతి మలుపు విచిత్రం. 1920ల చివర్లో యూనివర్సల్ కంపెనీ అతన్ని బెర్లిన్ పంపింది, అక్కడ జర్మన్ సినిమాలు తీయమని. యూనివర్సల్ పెట్టిన కార్ల్ లెమ్లే కూడా జర్మనీ నుంచి వలస వెళ్ళినవాడే. అంటే ఒక వలస మనిషి ఇంకో వలస మనిషిని వెనక్కి పంపాడన్నమాట. 1933లో హిట్లర్ వచ్చాక బెర్లిన్‌లో యూదులకి సినిమా పని లేకుండా పోయింది. పాస్టర్నాక్ తన మనుషుల్ని తీసుకుని వియన్నా, బుడాపెస్ట్‌లకి మారాడు. అక్కడ ఫ్రాంచిస్కా గాల్ అనే హంగేరియన్ నటితో తేలికైన సంగీత హాస్య చిత్రాలు తీశాడు. దర్శకుడు హెర్మన్ కాస్టర్లిట్స్. హాలీవుడ్ వెళ్ళాక ఆయన హెన్రీ కాస్టర్ అయ్యాడు. చిలిపి అమ్మాయి, మొండి ముసలాయన, కాస్త పాట, కాస్త కన్నీరు, చివర్లో అంతా శుభం. పాస్టర్నాక్ జీవితాంతం వండిన వంట ఇదే. పొయ్యి మాత్రం బుడాపెస్ట్‌లో వెలిగింది.

1936లో ఇద్దరూ అమెరికా చేరేసరికి లెమ్లే చేతిలోంచి కంపెనీ జారిపోయింది. కొత్త యజమానులకి వీళ్ళెవరో తెలియదు. దర్శకుడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. నిర్మాతకి ఇంగ్లీషు ఉంది కానీ యాస చెవులు చిల్లులు పొడిచేది. వీళ్ళకి దొరికింది పద్నాలుగేళ్ళ అమ్మాయి, డియానా డర్బిన్. కెనడాలో పుట్టింది. ఎంజీఎం ఆమెతోనూ జూడీ గార్లాండ్‌తోనూ ఓ చిన్న సినిమా తీసి, ఈమెని వదిలేసింది. పాస్టర్నాక్ ఆమెతో ‘త్రీ స్మార్ట్ గర్ల్స్’ తీశాడు. ఉత్తమ చిత్రం ఆస్కార్‌కి నామినేట్ అయింది. దివాలా అంచున ఉన్న యూనివర్సల్‌ని ఈ పిల్ల నిలబెట్టిందని సినిమా చరిత్ర రాసేవాళ్ళంతా అంటారు.

ఆ మరుసటి ఏడు వచ్చిన సినిమా నాకు వీటన్నింట్లోకి ఇష్టం. ‘వన్ హండ్రెడ్ మెన్ అండ్ ఎ గర్ల్’, 1937. అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజులు. పనిలేక తిరుగుతున్న వందమంది వాద్యకారులు, అందులో ఒకడి కూతురు. వాళ్ళందరినీ ఆర్కెస్ట్రాగా కూడగట్టి, లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ అంతటివాడి చేత నడిపించాలని ఆ పిల్ల పట్టుదల. స్టొకోవ్‌స్కీగా స్టొకోవ్‌స్కీయే నటించాడు. ఆయన ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాకి పేరు తెచ్చిన మనిషి. తోలు బెల్టులకి చిల్లులు పెట్టిన కుర్రాడికి ఆ ఊళ్ళో ఆ కచేరీ హాలు టికెట్టు అందేదా? తెలియదు. పదిహేనేళ్ళయ్యాక ఆ సంగీత దర్శకుణ్ణే తన సినిమాకి పిలిపించుకున్నాడు.

ఆ సినిమాలో ఓ ఘట్టం ఉంది. వాద్యకారులు చెప్పాపెట్టకుండా స్టొకోవ్‌స్కీ ఇంట్లో చొరబడతారు. మేడమెట్ల మీద, వసారా మీద, ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడి వాయించడం మొదలుపెడతారు. ఆయన విసుక్కుంటూ పైనుంచి దిగి వస్తాడు. వింటాడు. ఆయనకి తెలియకుండానే చేతులు కదులుతాయి. క్షణంలో ఆ ఇల్లే కచేరీ అయిపోతుంది. న్యూజెర్సీ అపార్టుమెంటులో, లాప్‌టాప్‌లో ఇది చూస్తూ నేను కూర్చున్నచోటే లేచి నిలబడ్డాను. వాళ్ళు వాయిస్తున్నది నాకు తెలుసు. అది టామ్ వాయించిన పాట!

మీకూ తెలుసు. టామ్ కోటు వేసుకుని, ఠీవిగా పియానో ముందు కూర్చుంటుంది. పియానో లోపల నిద్రపోతున్న జెర్రీ లేచి ఆగం చేస్తుంది. ఆస్కార్ కూడా వచ్చింది ఆ కార్టూన్‌కి, పేరు ‘ది క్యాట్ కాన్సెర్టో’. అందులో వాయించేది ఫ్రాంజ్ లిస్ట్ రాసిన హంగేరియన్ రాప్సొడీ, రెండోది. ‘యాంకర్స్ అవే’లో పియానో విద్వాంసుడు హోజే ఇటుర్బి హాలీవుడ్ బౌల్ అనే ఆరుబయలు రంగస్థలంలో చిన్న చిన్న పిల్లల్ని వరసగా పియానోల ముందు కూర్చోబెట్టి వాయించేదీ అదే. పాస్టర్నాక్ సినిమాలు రెండింటిలో, వేరు వేరు కంపెనీల్లో, ఎనిమిదేళ్ళ తేడాలో, ఒకటే హంగరీ పాట. కావాలని పెట్టించాడా, జనానికి తెలిసిన బాణీ కదాని ఎవరో పెట్టారా? నేను మాత్రం కావాలనే పెట్టించాడనుకుంటాను. కలకత్తాలో ఇరవై ఏళ్ళున్నా తాతయ్య స్నానం చేస్తూ పాడుకున్నవి బరంపురంలో వాళ్ళమ్మ పాడిన మంగళహారతులే.

* * *

1938లో సినిమా హాళ్ళ వాళ్ళు నటి మార్లీన్ డీట్రిచ్‌ని బాక్సాఫీసుకి విషమని పత్రికలో ప్రకటన వేయించి మరీ తేల్చేశారు. ఆమె ఫ్రాన్సు వెళ్ళి కూర్చుంది. పాస్టర్నాక్ అక్కడికే ఫోన్ చేసి, ఓ కౌబాయ్ సినిమాలో బార్‌లో పాడే పాటగత్తె వేషం వేయమన్నాడు. దేవతలా మెల్లగా నడిచే ఆమెని బార్‌లో ఇంకో ఆడదానితో జుట్లు పట్టుకు కొట్టించాడు. ‘డెస్ట్రీ రైడ్స్ అగైన్’ (1939) తర్వాత ఆమెకి మళ్ళీ మంచి రోజులొచ్చాయి. పడిపోయిన వాళ్ళని చూస్తే ఇతనికి ఏదో సరదా.

1940ల మొదట్లో ఎంజీఎంకి మారాడు. అక్కడ మ్యూజికల్స్, అంటే పాటల సినిమాలు, తీసే నిర్మాతలు ముగ్గురు, ఎవరి బృందం వారిది. ఆర్థర్ ఫ్రీడ్, జాక్ కమ్మింగ్స్, పాస్టర్నాక్. సినిమా పండితులు ఎప్పుడూ ఫ్రీడ్‌కే పెద్దపీట వేస్తారు. ‘సింగిన్ ఇన్ ద రైన్’ ఆయనదే, కాదనను. పాస్టర్నాక్ సినిమాల్లో కథ బందరు లడ్డూలా ఉంటుంది, ఎటు కొరికినా తీపే. కొన్ని నేను పూర్తిగా చూడలేక ఆపేశాను. అరవైల్లో ఎల్విస్ ప్రెస్లీతో తీసినవి అయితే పాస్టర్నాక్ పేరు లేకపోతే చూసేదాన్నే కాదు. కానీ అతను ఇంకో పని చేశాడు. సినిమా హాలుకొచ్చే మామూలు జనానికి ఒపెరా గొంతుల్నీ, లిస్ట్‌నీ, పియానో విద్వాంసుల్నీ సినిమా పాటల పక్కనే వడ్డించాడు. ఇది పెద్ద సంగీతం, అది చిన్న సంగీతం అని విస్తట్లో గీత గీయలేదు. కచేరీ హాలు మొహం చూడని గుమాస్తా తాతయ్య లిస్ట్ బాణీ ఈల వేసేవాడంటే ఆ పుణ్యం ఇతనిదే.

‘ది గ్రేట్ కారూసో’ (1951) అలాంటిదే. మారియో లాంజా ఇటాలియన్ గాయకుడు కారూసోగా వేశాడు. కథలో నిజం పాలు తక్కువ, పాటలు మాత్రం కడుపునిండా. స్పెయిన్‌లో ఆ సినిమా చూసిన ఆరేళ్ళ పిల్లవాడు ఇంటికెళ్ళి ఆ పాటలే పాడుతూ కూర్చున్నాడు. అతను హోజే కరేరాస్, తర్వాత ప్రపంచమంతా పేరు పొందిన ముగ్గురు టెనర్లలో (పై స్థాయిలో పాడే ఒపెరా గాయకుల్లో) ఒకడు.

‘ఇన్ ద గుడ్ ఓల్డ్ సమ్మర్‌టైమ్’ (1949) చూస్తే ఇంకో తమాషా. కథ జరిగేది షికాగోలో, సంగీత వాద్యాలమ్మే కొట్లో. దాని మూలం బుడాపెస్ట్ అత్తరు కొట్టు మీద హంగరీవాడు మిక్లోష్ లాస్లో రాసిన నాటకం. ఆ కొట్టు యజమానిగా వేసిన బుగ్గల తాత ఎస్.జెడ్. సకాల్, ఆయనా బుడాపెస్ట్ మనిషే. పైకి అంతా అమెరికా, గరిటె తిప్పేది హంగరీ. అందులో హీరోయిన్ జూడీ గార్లాండ్. చివరి దృశ్యంలో ఆమె చెయ్యి పట్టుకుని నడిచే బుల్లి పాప ఆమె సొంత కూతురు లైజా.

మరుసటి ఏడు అదే జూడీతో ‘సమ్మర్ స్టాక్’. ఆమె ఆరోగ్యం అప్పటికే పాడయింది. షూటింగ్‌కి వచ్చేది, రాలేకపోయేది. నెలలు గడిచిపోయాయి. ఇక ఆపేద్దామని పాస్టర్నాక్ ఎంజీఎం స్టూడియో పెద్ద లూయీ మేయర్ దగ్గరికి వెళితే, ఈ పిల్ల మనకి ఎంత సంపాదించి పెట్టింది, ఇంకో అవకాశమిద్దాం అని ఆయన అన్నాడట. ఈ సంగతి పాస్టర్నాక్ తన ఆత్మకథలోనే రాసుకున్నాడు, ఓపిక తనది అని చెప్పుకోకుండా. ఆ మేయర్ కూడా ఎక్కడో రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చినవాడే. సినిమా పూర్తయ్యాక చివరి పాట ఒకటి తక్కువైంది. జూడీ విశ్రాంతి తీసుకుని, బాగా సన్నబడి వచ్చి నల్లకోటు, నల్లటోపీతో ‘గెట్ హ్యాపీ’ చేసింది. సినిమా అంతా ఒకరు, ఆ పాటలో ఇంకొకరు అన్నట్టుంటుంది. ఎంజీఎంలో ఆమెకి అదే ఆఖరి సినిమా.

లడ్డూలే చేశాడని అన్నాను గానీ, ఒకసారి మాత్రం చేతిలో కారం డబ్బా పట్టుకున్నాడు. ‘లవ్ మి ఆర్ లీవ్ మి’ (1955). డోరిస్ డే గాయని, జేమ్స్ క్యాగ్నీ ఆమెని పైకి తెచ్చి, తన సొత్తనుకునే కుంటి రౌడీ. పాటలున్నా అది భయం వేసే సినిమా. పైకి తెచ్చినవాడికి ఎంత హక్కు ఉంటుంది అన్న ప్రశ్న చివరిదాకా తెగదు. డర్బిన్‌నీ మరెందరినో పైకి తెచ్చిన మనిషే ఈ సినిమా తీశాడు. డర్బిన్ అయితే ముప్పై నిండకుండానే సినిమాలు మానేసి ఫ్రాన్సు వెళ్ళిపోయింది. ఆరు దశాబ్దాలకి పైగా అక్కడ ఓ పల్లెటూళ్ళో మామూలు గృహిణిలా బతికి 2013లో కన్నుమూసింది.

1966లో ఆస్కార్ వేడుకని మొదటిసారి రంగుల్లో టీవీలో చూపించినప్పుడు ఆ కార్యక్రమం నిర్మాత పాస్టర్నాక్. అదే ఏడు వంటల పుస్తకం వేశాడు. పేరు ‘కుకింగ్ విత్ లవ్ అండ్ పాప్రికా’. ఇది తెలిసినప్పుడు నేను చాలాసేపు నవ్వుకున్నాను. ప్లేట్లు తీయడంతో మొదలుపెట్టి పొయ్యి దగ్గరికి చేరాడు. పాప్రికా అంటే హంగరీ మిరప పొడి, రంగు ఎక్కువ, కారం తక్కువ. దానితో ఓసారి కోడికూర వండాను. మా ఆయన సగం తిని, గుంటూరు కారం డబ్బా తెచ్చుకుని చల్లుకున్నారు.

* * *

తారీఖులు చూస్తుంటే నాకు గుండె పట్టేసినట్టయిన సంగతి ఒకటుంది. 1940లో పాస్టర్నాక్ పుట్టిన ఊరు మళ్ళీ హంగరీ చేతిలోకి వచ్చింది. 1944 మే నెలలో సిలాజ్‌షోమ్యో యూదులందర్నీ ఊరి బయట ఇటుకల బట్టీలో కుక్కారు. తర్వాత రైళ్ళలో నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కి పంపారు. ఇప్పుడా ఊరి పాత ప్రార్థనా మందిరంలో వాళ్ళ జ్ఞాపకార్థం మ్యూజియం ఉంది. అదే 1944లో, హాలీవుడ్‌లో, ఆ ఊరివాడి సినిమాలో ఎలకకి డాన్సు నేర్పిస్తున్నారు.

కలకత్తాలో తాతయ్య ఆ సినిమా చూడటానికి రెండేళ్ళ ముందే, 1943లో, అదే చౌరంగీ ఫుట్‌పాత్‌ల మీద జనం గంజి కోసం అరిచి అరిచి చచ్చిపోయారు. హుగ్లీ పోటు గురించి, ఇంజను టీ గురించి, ఎలక గురించి వందసార్లు చెప్పిన మనిషి కరువు గురించి మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. కానీ ఇంట్లో ఎవరైనా గంజి పారబోయబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. గంజి వార్చడం మానేసి కుక్కర్ కొన్నాక కూడా, "గంజి ఏదీ?" అని వంటింట్లోకి వచ్చి చూసేవాడు.

పాస్టర్నాక్ 1991 సెప్టెంబరులో పోయాడు. మేం ఎలక డాన్సు చూసేనాటికి ఆయన లేడు, మాకు తెలియదు. తాతయ్య 2003లో పోయాడు. ఆఖరి రోజుల్లో చూపు తగ్గి, టీవీ వినడమే. టీఎన్‌టీ పేరు అప్పటికి టీసీఎం అయింది.

మొన్న డిసెంబరు సెలవుల్లో ‘యాంకర్స్ అవే’ డిస్క్ తెప్పించి మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. దానికి ఏడేళ్ళు. ముందురోజు రాత్రే కథ చెప్పాను, తాతయ్య చెప్పినట్టే. ఎలక డాన్సు అయ్యాక రెండోసారి వేయమంది, మూడోసారి వేయమంది. తర్వాత చివరిదాకా ఓపిగ్గా కూర్చుంది.

నేను కూడా ముగింపు చూడటం అదే మొదటిసారి. హాలీవుడ్ బౌల్, తెల్ల బట్టల నావికులు వరసలు వరసలుగా, ఇటుర్బి చేతులు ఊపుతున్నాడు, ఇద్దరు హీరోలూ ఇద్దరమ్మాయిలూ. తాతయ్య ఒక్క వివరం కూడా తప్పు చెప్పలేదు. యాభై ఏళ్ళ కింద ఒకేఒక్కసారి చూసిన సినిమా. ఇంతలో పాట అయిపోయి ‘ది ఎండ్’ పడింది.

"అమ్మా, రాజుగారేరీ?"

రిమోట్ తీసుకుని కాస్త వెనక్కి తిప్పి, బొమ్మ ఆపాను.

"అదిగో, ముందు వరసలో. చీకట్లో ఉన్నారు, సరిగ్గా కనబడటం లేదు."

అది తెర దగ్గరికి వెళ్ళి, ముక్కు ఆనించి, వెతకడం మొదలుపెట్టింది.